వార్తల గొంతుతో చదివిన ప్రకటన

నేను రిటైరైన రోజు స్టేషన్లో శాలువా కప్పి, "ఇన్నేళ్ళలో ఒక్క తప్పు మాట చదవని గొంతు" అని పొగిడారు. లేచి అది అబద్ధమని చెప్పాల్సింది. చెప్పకుండా పెట్టిన మైసూరుపాకు తిని, దండ చేతిలో పట్టుకుని ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. ఆ రోజు నోరు పెగలనిది ఇప్పుడు రాస్తున్నాను.

ముఖ్యంగా మీ కోసం రాస్తున్నాను. పొద్దున్నే మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా క్రేట్ల మధ్య నిలబడి, సెల్‌ఫోను ముఖానికెదురుగా పెట్టుకుని ధరలు చెప్పే పిల్లల్లారా, మీలో కొందరు దారిలో కనబడితే నన్ను గురువుగారూ అంటారు. అలా పిలిచే ముందు నేనేం చేశానో తెలుసుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం.

మొదట కొన్నేళ్ళు నేను ఒక పేపరుకు పుంగనూరులో విలేకరిని. వార్త రాయడమెంతో, పండగ పండగకూ శుభాకాంక్షల ప్రకటనల కోసం నాయకుల గుమ్మాల్లో కాపు కాయడమూ అంతే. ప్రకటన ఇచ్చినాయన ఊళ్ళో కాలువ ఆక్రమిస్తే దాని గురించి రాయకూడదు. ఇవ్వనాయన ఇంటి ముందు చెత్త ఉన్నా రాయొచ్చు. ఆ బతుకు రోసి మదనపల్లెలో కొత్తగా పెట్టిన చిన్న రేడియో స్టేషన్‌లో చేరాను. టవరు చిన్నది. పుంగనూరు దాకా బాగానే పట్టేది, సదుం, సోమల వైపు గుట్టల్లో గరగర మధ్య వినబడేది. పెద్ద వార్తలు మాకు లేవు. టమోటా ధర, పట్టుగూళ్ళ ధర, వాన కబురు, పశువుల శిబిరాలు, బస్సుల మార్పులు. వాటినే మేం వార్తలనేవాళ్ళం. పొద్దున ఆరున్నరకు వాటిని చదవడం నా పని.

ఆ పని నాకు నేర్పింది కుప్పం మేడం. మా స్టేషన్ మొదటి ప్రోగ్రాం ఆఫీసరు ఆమె. కుప్పంలో పుట్టిన మనిషి కాబట్టి మాటలో కాస్త తమిళం దొర్లేది. కోపమొస్తే పూర్తిగా తమిళమే. ఆమె దగ్గర రెండు నియమాలుండేవి. మొదటిది, వార్త చదివిన గొంతు ప్రకటన చదవకూడదు. ప్రకటనకు ముందొకసారి, తర్వాతొకసారి గంట కొట్టాలి. బజారులో కొన్న ఇత్తడి చేతిగంట అది. నేను వార్త ఆపగానే మా టెక్నీషియన్ గంట కొట్టి, ఎరువుల కొట్టు గురించో చీరల కొట్టు గురించో తన గొంతుతో చదివి, మళ్ళీ గంట కొట్టేవాడు.

"ఇదెందుకు మేడం, గుడిలో మాదిరి?" అని మొదట్లో నవ్వాను.

"నవ్వొద్దప్పా. వార్త నోరు వేరే, అంగడి నోరు వేరే. రెండూ ఒకటైపోతే ఆడ ఇనేవాళ్ళకు ఏది ఏదో ఎట్ల తెలస్తాది?" అంది.

రెండో నియమం నా తప్పుతోనే పుట్టింది. చేరిన కొత్తలో ఒక్క మండీకే ఫోను చేసి టమోటా ధర తప్పు చదివాను. ఆ ధర నమ్మి చాలామంది ఆ పొద్దు కాయ కోయకుండా ఆపేశారు. మరుసటి రోజు అదే ఆరున్నరకు, అదే గొంతుతో, "నిన్న నేను చదివిన ధర తప్పు, తప్పు నాదే" అని మేడం నా చేత మూడుసార్లు చదివించింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఆ వారం నాకు కోపంగా ఉత్తరాలొస్తాయనుకున్నాను. వచ్చినవన్నీ మెచ్చుకుంటూ వచ్చాయి. తప్పు చదివిన వేళకే దిద్దుబాటు చదవడం అప్పట్నుంచి మా ఆనవాయితీ అయింది. ఆమె రిటైరై కుప్పం వెళ్ళిపోయాక కూడా చాన్నాళ్ళు సాగింది.

ఇక తర్వాతి కథ మీకు తెలిసిందే. రేడియో పెట్టెలు అటకెక్కాయి. మేం కూడా ఫోన్లలోకి ఎక్కాం. పొద్దున బులెటిన్ రికార్డు ముక్కగా చేసి పేజీలో పెట్టడం, గ్రూపుల్లో పంపడం మొదలైంది. గుట్టల వెనక ఉన్న సదుం పల్లెల్లోకి మా గొంతు గరగర లేకుండా అప్పుడే చేరింది. వినేవాళ్ళు పెరిగారని మేం సంబరపడ్డాం. ప్రకటనలిచ్చే ఊరి కొట్లవాళ్ళు మాత్రం మమ్మల్ని వదిలేశారు. వాళ్ళు నేరుగా ఫోన్లోనే ప్రకటనలు వేసుకుంటున్నారు. మధ్యలో మేమెందుకు? ఏడుగురం ఉండేవాళ్ళం, నేనూ టెక్నీషియనూ కొత్తగా వచ్చిన మేనేజరూ మిగిలాం. మేనేజరు చెడ్డవాడు కాదు. పొద్దుగూకులూ తెర మీద ఎంతమంది చూశారో చూసుకుని బెంగపడే మనిషి.

అలాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఆన్‌లైన్‌లో పశువుల పొడులమ్మే కంపెనీ తరఫున ప్రకటనలు చేయించే మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి మాట, కన్నడం కలిసిన తెలుగు. ఆవులకు రోగనిరోధక శక్తి పెంచే పొడి అట. ఫోన్లో ఆర్డరిస్తే కొరియరు వస్తుందట. ఏడాది పాటు రోజూ ప్రకటన ఇస్తామన్నాడు. మేనేజరు ముఖంలో చాలా నెలల తర్వాత వెలుగు చూశాను.

టెక్నీషియన్ గంట తీసి చదవబోయాడు. బెంగళూరు ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గంట వద్దు సార్. గంట వినంగానే జనం ముందుకు జరిపేస్తారు. ఇంకోటి, ఈయన కాదు, మీరు చదవండి. పొద్దున వార్త చదువుతారు గదా, అట్లే. నగు వద్దు, పాట వద్దు. వార్త చదివినట్టే."

నిజం చెబుతున్నాను, నాకు తెలుసు. అతను ఏం కొంటున్నాడో నాకు స్పష్టంగా తెలుసు. టెక్నీషియన్ నా వైపు చూశాడు, నేను మేనేజరు వైపు చూశాను, మేనేజరు నేల వైపు చూశాడు. ఒప్పుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. అతను తెచ్చిన స్క్రిప్టు మరీ నాసిగా ఉంది. "అత్యున్నత పోషక విలువలు, అద్భుత ఫలితాలు" అంటూ బెంగళూరులో కూర్చుని ఎవరో రాసింది. నాలోని పాత విలేకరికి చెయ్యి దురద పుట్టింది. ఈ మాటలకు మా పల్లెల్లో ఎవరు లొంగుతారు? ఇక్కడి మనిషికి ఏం భయమో నాకు తెలుసు కదా. టీకా వేయిస్తే పాలు తగ్గుతాయని, చూడి ఆవైతే ఈసుకుపోయి కడుపు పోతుందని మా వైపు భయం. ఏళ్ళ తరబడి పశువుల డాక్టర్లను స్టూడియోకి పిలిచి ఆ భయం పోగొట్టడానికే ఎన్నో కార్యక్రమాలు చేశాను. పెన్ను తీసుకుని నా చేత్తో ఒక వాక్యం కలిపాను: "సూది వేయిస్తే పాలు తగ్గుతాయని భయమా? మీ ఇంట్లోనే కుడితిలో కలిపే పొడి ఉంది."

బెంగళూరు ఆయన చప్పట్లు కొట్టాడు. "ఇది సార్, ఇదే కావాల్సింది!" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

ప్రకటన మొదలైన వారంలోనే కుప్పం నుంచి ఫోనొచ్చింది. ఎవరో మేడంకు ఆ ముక్క పంపారట.

"గంట యాడప్పా?" అంది, నమస్కారం కూడా లేకుండా.

"రోజులు మారాయి మేడం. ఫోన్లో గంటలు కుదరవు."

"గంట పోనీ. నీ గొంతు యాల ఇచ్చినావు?"

"స్టేషన్ నిలబడాలి కదా మేడం."

"నిలబడి ఏం సెప్తాదప్పా అది?" అని ఫోను పెట్టేసింది. పెద్దామె చాదస్తం అనుకుని ఊరుకున్నాను. ఆమెతో నేను మాట్లాడడం అదే ఆఖరు. తర్వాత ఫోను చేయడానికి నాకు ముఖం చెల్లలేదు.

రెండు నెలలకు గడ్డల జబ్బు దిగింది. ఆవుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఒంటి నిండా గడ్డలు, కాళ్ళు వాపు, మేత ముట్టదు. మందు లేని జబ్బు, రాకముందే టీకా వేయించుకోవడం ఒక్కటే దారి. ఊరూరా శిబిరాలు పెట్టారు. ఆ వివరాలు మా స్టేషన్‌కి వచ్చాయి. పొద్దున ఆరున్నరకు నేనే చదివాను. ఫలానా రోజు సోమలలో, ఫలానా రోజు సదుంలో, పశువులను తోలుకురండి అని. అది ముగిసిన మరుక్షణం, గంట లేకుండా, ఊపిరి తీసుకున్నంత విరామం కూడా లేకుండా, నా గొంతే వచ్చింది. సూది వేయిస్తే పాలు తగ్గుతాయని భయమా?

రికార్డు ముక్కలు అతికించింది టెక్నీషియన్. "అన్నా, రెండూ పక్కపక్కన వస్తాండాయి. మధ్యలో ఏమైనా పాట ఏద్దామా?" అని అడిగాడు కూడా. నేను హడావిడిలో ఉన్నాను. పాట వేస్తే ముక్క పొడుగైపోతుంది, పొడుగైతే జనం చూడరని మేనేజరు రోజూ చెప్పేవాడు. "ఉండనీలే" అన్నాను.

సదుం దగ్గర శిబిరం పెట్టిన పశువుల డాక్టరు మూడో రోజు ఫోను చేశాడు. మా స్టూడియోకి ఎన్నోసార్లు వచ్చినాయన. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"ఏమప్పా, నువ్వే శిబిరానికి పిలుస్తావు, నువ్వే రావద్దంటావు. నేను టీకాల ఐసు డబ్బా పెట్టుకుని చెట్టు కింద ఈగలు తోలుకుంటా కూర్చోవాల్నా?"

అప్పుడు గానీ నాకు సంగతి తలకెక్కలేదు. ఆ ముక్కనే గ్రూపుల్లో తిప్పుకుంటున్నారట. శిబిరం సంగతి ముందుంది, పొడి సంగతి వెనకుంది, గొంతు ఒక్కటే. సర్కారే పొడి కూడా చెప్పిందని జనం అనుకున్నారు. కొందరైతే ముందు సగం కత్తిరించి వెనక సగమే పంపుకున్నారు.

ఆ సాయంత్రమే ఒక వివరణ రికార్డు చేసి పేజీలో పెట్టించాను. మర్నాడు నా ఫోన్లోనే తెరిచి చూశాను. వివరణ మొదలవడానికి ముందు ప్రకటన వచ్చింది. పొడి ప్రకటన, నా గొంతుతో. దాన్ని దాటితే గానీ నన్ను ఖండించే నేను కనబడను. నవ్వాలో ఏడవాలో తెలియక ఫోను బోర్లా పెట్టాను. ఆ వివరణ చూసినవాళ్ళు ఒక బస్సులో పడతారు, అందులో సగం మంది మా బంధువులే.

పుంగనూరులో నా పాత విలేకరి మిత్రుడికి చెప్పి పేపర్లో రాయమన్నాను. మంచివాడు, శ్రద్ధగా రాసి పంపాడు. మూడో రోజు ఆ వార్త జిల్లా పేజీలో అగ్గిపెట్టెంత వచ్చింది, "పశువులకు టీకాలు వేయించాలి" అని. పొడి మాట లేదు, నా మాటా లేదు. అదే పేజీ అడుగున కంపెనీ ప్రకటన చేటంత ఉంది. "ఏం జేద్దును? నువ్వూ ఈ పని చేసినోడివే కదా" అన్నాడు మిత్రుడు. నిజమే, చేసినవాణ్నే.

ఇక నేనే బయల్దేరాను. డాక్టరు గారి దగ్గర పనిచేసే టీకాల మనిషి వెనక మోటారుసైకిలెక్కి, శిబిరానికి రాని పల్లెలకు తిరిగాం. అలా సదుం దాటాక ఒక పల్లెలో ఆమె ఇంటికి వెళ్ళాం.

యాభై ఏళ్ళుంటాయేమో. పెనిమిటి పోయి చాన్నాళ్ళయిందట. మెట్ట చేను ఉన్నా వానను నమ్మి వదిలేసింది. రెండు ఆవులతో పాలు పోసుకుని బతుకుతోంది. మేం వెళ్ళేసరికి ఒక ఆవు పోయి మూడు రోజులైంది. కొట్టంలో ఒక గుంజ ఖాళీగా ఉంది. రెండో ఆవు చూడిది, నెలన్నరలో ఈనాల్సింది. ఒంటి మీద ఇంకా గడ్డ లేదు, మేత బాగానే తింటోంది. టీకాల మనిషి దాని చెవి పట్టుకుని చూసి, "జొరం లేదు సార్, ఇప్పుడే ఏసేస్తే మంచిది" అన్నాడు.

ఆమె అడ్డం నిలబడింది. "సూది వద్దప్పా. సూడావు."

"చూడి ఆవుకైనా వేయొచ్చమ్మా. నేను చెబుతున్నా కదా" అన్నాను.

నా గొంతు వినగానే ఆగి నా వైపు తేరిపార చూసింది. "నువ్వు... పొద్దన్నే రేడియోలో మాట్లాడే అప్పవు కదా?"

అవునన్నాను. ఆమె ముఖం విప్పారింది. పీట తెచ్చి వేసింది. పక్కింటామెను కేకేసి, "చూడు రా, రేడియో అప్ప మా ఇంటికొచ్చినాడు" అంది. తన పుట్టిల్లు పుంగనూరు పక్కనేనట, పెళ్ళికాక ముందు నుంచే... అని చెప్పబోయి లెక్క తప్పిందని తనే నవ్వింది. "ఎప్పట్నుంచో ఇంటాండాను లే" అంది.

"ఆవు ఎట్లా పోయిందమ్మా?" అని అడిగాను.

"నా తప్పేనప్పా" అంది. "నువ్వు పొడి సంగతి చెప్పిన రోజే తెప్పించుకోవాల్సింది. ఫోన్లో తెప్పించేది నాకు చేతకాక, వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటా నాలుగు దినాలు తడువు చేస్తి. పొడి వచ్చే తలికి గడ్డలు లేచేసినాయి. నువ్వు చెప్పిన రోజే పోసింటే బతికుండు."

టీకాల మనిషి నా ముఖం చూడకుండా ఐసు డబ్బా మూత సర్దుకున్నాడు. నేను పీట మీది నుంచి లేచాను. కూర్చుని చెప్పే మాట కాదు.

"అమ్మా, ఆ పొడితో జబ్బు ఆగదు. అది వార్త కాదు, ప్రకటన. కంపెనీవాళ్ళు చెప్పించుకున్నది."

ఆమెకు అర్థం కాలేదు. "శిబిరం సంగతి?"

"అది వార్త."

"రెండూ నువ్వే చెప్తివి కదప్పా?"

గంట గురించీ, ఆన్‌లైను గురించీ ఏదో గొణిగాను. ఆ మాటలు ఆ వాకిట్లో ఎందుకూ పనికిరాలేదు.

ఆమె చాలాసేపు ఆవు మెడ నిమురుతూ నిలబడింది. పిచ్చిది కాదు ఆమె, ఆలోచించే మనిషి. చివరికి అంది: "నువ్వు ఈడికొచ్చి ఒక మాట చెప్తాండావు. రేడియోలో దినామూ ఇంగో మాట చెప్తాండావు. నాకుండేది ఈ ఒక్కావు. దీని కడుపులో ఒగటి. ముందొకతూరి టమోటా రేటు తప్పు చెప్పినానని మల్లా దినం మూడు తూర్లు చెప్తివి కదా? మాయమ్మ కూడా మెచ్చుకునె. అట్ల చెప్పు. రేపు పొద్దన్నే ఆ టయానికే, పొడి అబద్దమని రేడియోలో చెప్పు. నేనిని, ఈయప్పకు ఫోను చేసి సూదేపిస్తా."

"తప్పకుండా చెబుతానమ్మా" అన్నాను.

టీకాల మనిషి దారిలో, "మంచి మాట అడిగింది సార్" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆమె నాకు బయటపడే దారి చూపించిందని, దారి పొడుగునా ఆ వాక్యాలు మనసులో కూర్చుకుంటూ వచ్చాను. "నేను చదివిన ప్రకటన తప్పు, తప్పు నాదే." మూడుసార్లు.

మరుసటి ఉదయం ఆరు గంటలకు స్టేషన్‌కి వెళ్ళేసరికి మేనేజరు నా కన్నా ముందే ఉన్నాడు. పల్లెల్లో తిరుగుతున్నానని బెంగళూరు దాకా తెలిసిందట. నేను కాగితం చూపించాను. చదివి, కాగితం మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"సార్, ఇది చదివితే వాళ్ళు కోర్టుకు పోతామంటున్నారు. స్టేషన్ మూతే. మీరైతే ఇంకో నాలుగు నెలల్లో రిటైరైపోతారు. మేం యాడికి పోవాల?"

టెక్నీషియన్ మిక్సర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఏదైనా అంటాడేమోనని చూశాను. "చదువన్నా" అనుంటే చదివేవాణ్నేమో. ఇదీ నా పిరికితనమే, నేను చేయాల్సిన పనికి అతని నోటి మాట కోసం చూడడం.

ఎర్ర దీపం వెలిగింది. టమోటా ధర చదివాను, ఇద్దర్ని అడిగి రాసుకున్నదే. పట్టుగూళ్ళ ధర చదివాను. అద్దం అవతల మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి నేను రాసుకున్నది, ఇంకోటి అతను అప్పటికప్పుడు రాసిచ్చింది. మైకు నా ముందుంది. దాన్ని నా నోటి నుంచి లాగేసేవాళ్ళు ఎవరూ లేరు. పిల్లల్లారా, ఇక్కడ నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

నేను చదివింది ఇది: "గడ్డల వ్యాధి విషయమై పశుపోషకులు పుకార్లను నమ్మవద్దని, పశువైద్యుల సలహా మేరకు నడుచుకోవాలని మనవి."

ఎంత మంచి వాక్యమో చూడండి. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ ఏమీ చెప్పదు. మన వృత్తిలో ఇలాంటి వాక్యాలు సంచుల కొద్దీ ఉంటాయి. పుకారేమిటో చెప్పలేదు, పుట్టించింది ఎవరో చెప్పలేదు. ఒక్కసారే చదివాను. దాని వెనకే పొడి ప్రకటన వచ్చింది.

ఆ రోజంతా టీకాల మనిషి ఫోను కోసం చూశాను. ఆమె చేయలేదని సాయంత్రం చెప్పాడు. మళ్ళీ వెళ్ళి చూద్దామా అన్నాడు. రేపు వెళ్దామన్నాను. ఆ రేపు రాలేదు. ఏ ముఖంతో పోను? ఒక రోజు ఒంట్లో బాగాలేదన్నాను, ఇంకో రోజు రికార్డింగు ఉందన్నాను. పదకొండో రోజు అతనే కబురు చెప్పాడు, రెండో ఆవు కూడా పోయిందని, కడుపులో దూడతో సహా.

డాక్టరు మంచితనం కొద్దీ నన్ను ఓదార్చాడు. "ఆ పొద్దు సూదేసినా పని చేసే దానికి టైము పడతాదప్పా. జబ్బు ఆ కొట్టంలోనే ఉండె. బతికేదని గ్యారంటీ ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు నిద్రపోవాలని చూశాను. బతకదనీ గ్యారంటీ లేదు కదా. అది తేల్చుకునే అవకాశం ఆమెకు లేకుండా చేసింది నేను.

ఇప్పటికీ ఆ పొడి అమ్ముతున్నారు. నేను రిటైరయ్యాక ఏడాది తిరక్కుండానే స్టేషన్ మూతపడింది. కంపెనీకి మా అవసరం తీరిపోయింది. నా గొంతు వాళ్ళ దగ్గర ఉంది, ఇక నేనెందుకు, స్టేషనెందుకు? దాన్ని తీసేయమని కంపెనీకి రెండుసార్లు రాశాను. జవాబుగా, మీ అభిప్రాయం మాకు విలువైనదని ఆన్‌లైన్లో ఒక అచ్చు ముక్క వచ్చింది. మీరు అనుకోవచ్చు, ముసలాయన కొత్త కాలాన్ని తిడుతున్నాడని. లేదు. రేడియోలోనైనా పేపర్లోనైనా ఫోన్లోనైనా అమ్ముడుపోయింది మనుషులే. అందులో నేనొకణ్ని. ఇది రాసినందువల్ల ఏదో మారుతుందన్న ఆశ కూడా నాకు లేదు. మీలో ఒక్కరి దగ్గరికైనా మెత్తటి మాటల మనిషి వచ్చి "వార్త చెప్పినట్టే చెప్పు" అంటాడు, మీరు ఒప్పుకుంటారు. నేను ఒప్పుకున్నాను కదా.

ఆవు పోయిన నెలకు ఆమె ఇంటికి వెళ్ళాను. ఒక్కణ్నే, బస్సులో. కొట్టం పక్కనున్న అరుగు మీద వేరుశనగ కాయలు వలుస్తోంది, ఎవరివో, కూలికి. నన్ను చూసి లేచింది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిడితే బాగుండునని కూడా కోరుకున్నాను.

"రాప్పా, కూచో" అని పీట వేసింది. "టీ పెడదామంటే ఇంట్లో పాలు ల్యావు."

నేను నిలబడే ఉన్నాను. "అమ్మా, ఆ రోజు చెబుతానని చెప్పి చెప్పలేదు. నువ్వు విన్నావా?" అన్నాను.

"ఇనకుండా ఎట్ల ఉంటా? పక్కింటోళ్ళను గూడా పిల్చి కూచోబెట్టుకుంటి" అంది. చేతిలోని కాయలు చేటలో పోసి, చేతులు దులుపుకుంది. "నువ్వు ఆ మాట చెప్తావు చెప్తావని ఆకర దాకా ఇంటిమి. చెప్పకపోతివి. అప్పుడనుకుంటినప్పా, ఈ మనిషి రేడియోలో ఎప్పుడూ అబద్దం చెప్పలేదు కదా, మన వాకిట్లో చెప్పిందే అబద్దమేమో అని. అందుకే పొడే పోస్తి."